పొట్టేళ్లకు పాతర గడ్డి: మొక్కజొన్న ఎంత, అలసంద ఎంత?

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. అయినా మన దగ్గర సైలేజీ (గాలి చొరకుండా మాగబెట్టిన పచ్చిమేత, అంటే పాతర గడ్డి) గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం పాడి పశువులకు చెప్పినవే. ఆ లెక్కల్నే గొర్రెలకూ వాడి ఇబ్బంది పడిన పాఠకుల ప్రశ్నలు ఈ నెల చాలా వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం మాంసం కోసం పెంచే పొట్టేలు పిల్లల మేతకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మూడు నెలల పొట్టేలు పిల్లలు 50 తెచ్చి కొట్టంలోనే పెంచుతున్నాను. తెచ్చినప్పుడు ఒక్కోటి 15 కిలోలు. మొక్కజొన్న సైలేజీ బేళ్లు కొని పిల్లకు కిలోన్నర వేస్తున్నాను, దాణా 100 గ్రాములు. 40 రోజులకు తూకం వేస్తే సగటున రెండున్నర కిలోలే పెరిగాయి. సైలేజీ బాగానే ఉంది, పుల్లటి వాసన వస్తోంది. లోపం ఎక్కడ? (కల్వకుర్తి నుంచి)

జవాబు: లోపం సైలేజీలో లేదు, దానికి తోడు వేయాల్సింది వేయకపోవడంలో ఉంది. మీ పిల్లలు రోజుకు 60 గ్రాముల పైచిలుకు పెరిగాయి. నెల్లూరు జాతి పిల్లలు ఈ వయసులో సరైన మేత మీద 100 గ్రాములు దాటాలి.

లెక్క చూడండి. కిలోన్నర సైలేజీలో 70 శాతం నీళ్లే, ఎండు పదార్థం 450 గ్రాములు. మొక్కజొన్న సైలేజీ ఎండు పదార్థంలో మాంసకృత్తులు సుమారు 8 శాతం, అంటే 36 గ్రాములు. మీ దాణాలో 18 శాతం ఉన్నాయనుకుంటే ఇంకో 18 గ్రాములు. మొత్తం 54. మరి 15 కిలోల పిల్లకు కావాల్సింది శరీర బరువులో 4 శాతం ఎండు పదార్థం, అంటే 600 గ్రాములు. అందులో 14 నుంచి 15 శాతం మాంసకృత్తులు, అంటే 85 నుంచి 90 గ్రాములు. మీరు పెట్టింది అందులో మూడింట రెండు వంతులు కూడా లేదు.

మేతను అరిగించేది పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు. మొక్కజొన్నలోని పిండి పదార్థం వాటికి దండిగా అందుతోంది, నత్రజని అందడం లేదు. నత్రజని లేకపోతే అవి పెరగవు, పీచు అరగదు. పీచు అరగకపోతే పొట్ట ఖాళీ కాదు, పిల్ల తినడం కూడా తగ్గించేస్తుంది. కాబట్టి ఇంకో అరకిలో సైలేజీ ఎక్కువ వేసినా తొట్టిలోనే మిగులుతుంది.

ఇప్పుడు మీ పిల్లలు 17, 18 కిలోల దగ్గర ఉన్నాయి. సైలేజీని కిలోకు తగ్గించండి, 150 గ్రాముల ఎండు వేరుశనగ కట్టె (కాయలు తీసేశాక మిగిలే మొక్క) కలపండి, దాణా 300 గ్రాములకు పెంచండి. అప్పుడు ఎండు పదార్థం 700 గ్రాములు, మాంసకృత్తులు 97 గ్రాముల వరకు అందుతాయి. దాణాలో 20 శాతం మాంసకృత్తులు రావాలంటే 100 కిలోలకు మొక్కజొన్న నూక 38, వేరుశనగ చెక్క 28, నూనె తీసిన తవుడు 20, కంది చున్నీ 11, గొర్రెల ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో సరిపోతాయి. చెక్క బూజు వాసన కొడితే మాత్రం వాడకండి. అందులో పెరిగే అఫ్లటాక్సిన్ పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

100 గ్రాముల నుంచి 300కు ఒక్కరోజులో దూకొద్దు. రోజుకు 20 గ్రాముల చొప్పున పది రోజులు పట్టించండి. చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) టీకా వేయకపోయి ఉంటే ముందు అది వేయించి, రెండు వారాలు ఆగి దాణా పెంచండి. మేత బలపడిన వారంలోనే, అదీ మందలో బాగా తినే పిల్లే, చిటుకు రోగంతో పోతుంది.

ప్రశ్న: మాంసకృత్తులు పప్పుజాతి మేతలోనే కదా ఎక్కువ. మొక్కజొన్న మానేసి అలసంద ఒక్కటే పాతర వేస్తే దాణా ఖర్చు తప్పుతుందా? పోయినేడు గుంతలో వేసిన అలసంద నల్లబడి, కుళ్లు కంపు కొట్టింది. గొర్రెలు ముట్టలేదు. (ప్రొద్దుటూరు నుంచి)

జవాబు: పప్పుజాతి మేత గొర్రెకు మేలైనదే, అందులో మాట లేదు. అలసందలో, లూసర్న్‌లో ఎండు పదార్థం మీద 16 నుంచి 20 శాతం మాంసకృత్తులు ఉంటాయి. పీచు తక్కువ, ఉన్నదీ నమిలితే త్వరగా చిన్న ముక్కలై పెద్ద పొట్ట దాటిపోతుంది. అందుకే అదే గొర్రె మొక్కజొన్న కంటే పప్పుజాతిని ఎక్కువ తింటుంది. తిండి పెరిగితే తూకం పెరుగుతుంది.

చిక్కంతా మాగబెట్టడంలో ఉంది. మేత మాగాలంటే చక్కెర కావాలి. గాలి చొరని చోట లాక్టిక్ బ్యాక్టీరియా ఆ చక్కెరను ఆమ్లంగా మార్చి, పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత అయిన పీహెచ్‌ను 4 దగ్గరకు దించితే మేత నిలవ ఉంటుంది. అలసందలో చక్కెర తక్కువ. పైగా అందులోని మాంసకృత్తులు, కాల్షియం పుట్టిన ఆమ్లాన్ని పుట్టినట్టే మింగేస్తాయి. కోసిన అలసందలో 80 శాతం పైన నీళ్లు. పీహెచ్ 5 దగ్గరే ఆగిపోతుంది, క్లాస్ట్రీడియా అనే వేరే బ్యాక్టీరియా చేరి మాంసకృత్తుల్ని అమ్మోనియాగా, ఉన్న కాస్త ఆమ్లాన్ని బ్యూటిరిక్ ఆమ్లంగా మారుస్తుంది. మీ గుంతలోంచి వచ్చిన కంపు అదే.

బాగా మాగిన పప్పుజాతి సైలేజీలో కూడా ఒక నష్టం తప్పదు. మాంసకృత్తుల్లో సగానికి పైగా పాతరలోనే విడిపోతాయి. అవి పొట్టలోకి వెళ్లిన గంటా రెండు గంటల్లో అమ్మోనియా అవుతాయి. అదే సమయానికి సూక్ష్మజీవులకు పిండి పదార్థం అందకపోతే ఆ అమ్మోనియా రక్తంలోకి పోయి, కాలేయంలో యూరియాగా మారి, మూత్రంలో వెళ్లిపోతుంది. మీరు పండించిన నత్రజని కొట్టం నేలపాలు. మొక్కజొన్న తోడుంటే అదే అమ్మోనియా సూక్ష్మజీవుల ఒంటి మాంసకృత్తులుగా మారి, చివరికి పొట్టేలు కండ అవుతుంది.

మా సలహా సూటిగా చెబుతాం. పప్పుజాతిని ఎండబెట్టగలిగితే ఎండబెట్టండి. ఎండబెట్టలేని వానల్లోనే పాతర వేయండి, అదీ మొక్కజొన్నతో కలిపి. రాయలసీమలో వేరుశనగ, ఉలవ తీసేనాటికి ఎండ ఉంటుంది. ఆ కట్టెను పాతర వేయడం వృథా. ఎండు మేతలో మాంసకృత్తులు పాతరలో విడిపోయినంతగా విడిపోవు. ఒక్కటే జాగ్రత్త: మాంసకృత్తుల్లో పెద్ద వాటా ఆకులోనే. మిట్టమధ్యాహ్నం తిరగేస్తే ఆకంతా రాలి పుల్లలు మిగులుతాయి. తెల్లవారుజామున మంచు పదును మీదే తిరగేయాలి, మోపులు కట్టాలి.

ప్రశ్న: మొక్కజొన్న, అలసంద కలిపి పాతర వేసే పద్ధతి, పాళ్లు వివరంగా చెప్పండి. (వినుకొండ నుంచి)

జవాబు: పచ్చి బరువు మీద మూడు వంతులు మొక్కజొన్న, ఒక వంతు వాడబెట్టిన (కోసి కాస్త ఆరనిచ్చిన) అలసంద. ఈ పాళ్లలో సైలేజీ మాంసకృత్తులు 8 నుంచి 10 శాతానికి చేరతాయి. చేయి తిరిగాక రెండు వంతులకు ఒక వంతు దాకా వెళ్లొచ్చు. అంతకు మించి అలసంద కలిపితే టన్నుకు 20 నుంచి 30 కిలోల బెల్లం మడ్డి, అదే బరువు నీళ్లలో కలిపి, పొర పొరకూ చల్లక తప్పదు.

ఒకే సాళ్లలో రెండూ కలిపి విత్తితే కోత వేళ కుదరదు. ఆఫ్రికన్ టాల్ వంటి మొక్కజొన్న 75 నుంచి 85 రోజులకు కోతకు వస్తుంది. అలసంద 55 నుంచి 60 రోజులకు పూత దాటి పిందె కట్టే దశలో ఉండాలి. ఒకేరోజు విత్తితే మొక్కజొన్న సిద్ధమయ్యేసరికి అలసంద ముదిరి ఆకు రాలుస్తుంది. ఆలస్యంగా సాళ్ల మధ్య విత్తితే నీడలో అణిగిపోతుంది. కాబట్టి పక్క మడిలో, 20 రోజులు వెనకగా విత్తండి. ఎకరం మొక్కజొన్న 15 టన్నులు వస్తే దానికి వాడబెట్టిన అలసంద 5 టన్నులు, అంటే కోసినప్పుడు 7 టన్నులు కావాలి. ఎకరానికి 8 టన్నుల దిగుబడి అనుకుంటే ముప్పావు ఎకరానికి పైనే.

మొక్కజొన్న కోతకు రోజుల లెక్క కంటే కంకి చెప్పేదే నమ్మండి. కంకిని మధ్యకు విరిచి గింజను చూడండి. గింజ పైసగం పసుపెక్కి గోరు దిగకుండా ఉండాలి, బెండు వైపు సగం నొక్కితే పాలు రావాలి. అప్పుడు మొక్క మొత్తంలో ఎండు పదార్థం 30 నుంచి 35 శాతం ఉంటుంది. పూత మీద కోస్తే పిండి పదార్థం ఉండదు, గుంత అడుగున రసం కారిపోతుంది. గింజ పూర్తిగా ఎండాక కోస్తే ఎంత తొక్కినా అణగదు, మధ్యలో గాలి నిలిచి బూజు పడుతుంది.

అలసందను ఉదయం మంచు ఆరాక కోసి మడిలోనే పలచగా పరిచి వాడనివ్వండి. ఎండ బాగుంటే సాయంత్రానికి, మబ్బు పడితే మర్నాటికి సిద్ధం. తరిగిన మేతను గుప్పిట్లో అర నిమిషం గట్టిగా పిసికి వదలండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే ఇంకా వాడాలి. ఉండ కట్టి అలాగే నిలబడి, చేయి తడిసీ తడవనట్టు ఉంటే ఫరవాలేదు. ఉండ నెమ్మదిగా విచ్చుకుంటే అదే సరైన పదును. వెంటనే పొడిగా రాలిపోతే ఆలస్యమైంది.

ముక్క పొడవు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. గేదెకు మూడు నాలుగు సెంటీమీటర్లైనా నడుస్తుంది, గొర్రెకు నడవదు. పొడవు ముక్కల్ని ఏరి పక్కన పడేస్తుంది, తిన్నది ఎక్కువసేపు నెమరు వేస్తుంది, తిండి తగ్గుతుంది. యంత్రం కత్తులు పదును పెట్టించాకే పని మొదలుపెట్టండి. ఒక జాన మొక్కజొన్న, దాని మీద నాలుగు వేళ్ల మందాన అలసంద, మళ్లీ మొక్కజొన్న. ప్రతి పొరా కాలు దిగకుండా తొక్కాలి. అట్టడుగున, అన్నిటికంటే పైన మొక్కజొన్నే ఉండాలి. మొదలుపెట్టిన రోజే మూసేయండి. 45 రోజులు తెరవొద్దు.

ప్రశ్న: 50 పిల్లలకు 120 రోజులకు ఎంత సైలేజీ కావాలి? పది అడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంత తవ్విద్దామనుకుంటున్నాను. (కదిరి నుంచి)

జవాబు: తవ్వించకండి. పిల్లకు సగటున కిలో 300 గ్రాముల చొప్పున 50 పిల్లలకు రోజుకు 65 కిలోలు, 120 రోజులకు 7,800 కిలోలు. పాడయ్యేది కలుపుకొని 9 టన్నులు. కాళ్లతో తొక్కిన పాతరలో ఘనపు మీటరుకు సుమారు 500 కిలోలు పడుతుంది, అంటే 18 ఘనపు మీటర్లు. ఇక్కడిదాకా మీ గుంత సరిపోతుంది. తెరిచాకే అసలు కష్టం.

పది అడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున్న గుంత ముఖం (రోజూ మేత తీసే నిలువు పక్క) నాలుగున్నర చదరపు మీటర్లు. రోజుకు 65 కిలోలు తీస్తే ఆ ముఖం మూడు సెంటీమీటర్లే లోపలికి జరుగుతుంది. మన ఎండల్లో గాలి ఆ వేగాన్ని మించి లోపలికి చొరబడుతుంది. ఈస్టులు, బూజు ఆమ్లాన్ని తినేస్తాయి, సైలేజీ చేతికి వెచ్చగా తగులుతుంది, రోజూ మీరు పెట్టేది పాడైనదే అవుతుంది. వేసవిలో ముఖం రోజుకు కనీసం 15 సెంటీమీటర్లు తరగాలి. 65 కిలోలకు ఆ లెక్కన మూడడుగుల చదరం ముఖం చాలు. అంత సన్నని గుంత కంటే సంచులు మేలు. లోపల మందపాటి ప్లాస్టిక్ ఉన్న 50 కిలోల సంచులు 180 నింపండి, రోజుకు ఒకటి, ఒకటిన్నర తెరవండి. మూత బిగుతుగా పడే 200 లీటర్ల డ్రమ్ములైనా పరవాలేదు, ఒక్కోదానిలో వంద కిలోల పైన పడుతుంది, రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఎలుకలు కొరికిన చిల్లుకు ఆ రోజే టేపు వేయండి. గుంత అన్నది 200 పిల్లలు దాటినవాళ్లకే.

ప్రశ్న: సైలేజీ మొదలుపెట్టిన నెలకు రెండు పిల్లలు తల ఒక పక్కకు వాల్చి, గుండ్రంగా తిరుగుతూ నాలుగు రోజుల్లో చనిపోయాయి. ఒక చెవి వేలాడింది, నోట్లోంచి చొంగ. ఇదేం జబ్బు? (ధర్మవరం నుంచి)

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు లిస్టీరియా జబ్బువి. సైలేజీ మేపేవాళ్లు అన్నిటికంటే భయపడాల్సింది దీనికే, గొర్రెలకు ఇది పశువుల కంటే తేలిగ్గా సోకుతుంది. లిస్టీరియా మట్టిలో ఉండే బ్యాక్టీరియా. పీహెచ్ 4 దగ్గరున్న మంచి సైలేజీలో పెరగలేదు. 5 దాటిన చోట, గాలి తగిలిన అంచుల్లో, మట్టి కలిసిన చోట పెరుగుతుంది. నోటిలోని గాయాల గుండా నరాల వెంట మెదడుకు చేరుతుంది. అందుకే ముఖంలో ఒకవైపే చెవి, పెదవి, కనురెప్ప వాలిపోతాయి, మింగలేక బుగ్గలో మేత నిలిచిపోతుంది.

కుక్కల బద్దెపురుగు వల్ల మెదడులో నీటితిత్తి ఏర్పడినా గొర్రె గుండ్రంగా తిరుగుతుంది. అది వారాల తరబడి మెల్లగా ముదురుతుంది, ముఖం వాలదు, జ్వరం ఉండదు. లిస్టీరియా రోజుల్లో ముదురుతుంది.

ఇంకో పిల్ల మందకు దూరంగా నిలబడి తల వాల్చినా, మేత నమలలేకపోయినా అదే గంటలో పశువైద్యుడిని పిలవండి. మొదట్లోనే ఎక్కువ మోతాదులో పెన్సిలిన్ లేదా ఆక్సీటెట్రాసైక్లిన్ పడితే బతికే అవకాశం ఉంది, పడిపోయాక చాలా తక్కువ. ఆ సైలేజీని ఈ పూటే ఆపేయండి. ఆపాక కూడా రెండు, మూడు వారాల వరకు కొత్త కేసులు రావచ్చు, సోకిన వెంటనే లక్షణాలు బయటపడవు కాబట్టి. ఇకముందు బూజు పట్టిన భాగాన్ని దాని చుట్టూ జానెడు మంచి మేతతో సహా పారేయండి, తొట్టిలో మిగిలిన దాన్ని పూటపూటకూ ఊడ్చేయండి. ఇది మనుషులకూ సోకుతుంది. ఇంట్లో గర్భిణులుంటే జబ్బు గొర్రెల్ని, ఈసుకుపోయిన పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

ప్రశ్న: మొక్కజొన్న సైలేజీలో యూరియా కలపొచ్చా?

జవాబు: మొక్కజొన్న ఒక్కటే అయితే టన్నుకు 5 కిలోలు, నీళ్లలో కరిగించి సమంగా చల్లాలి. పప్పుజాతి కలిపిన పాతరలో వద్దు, ఆమ్లం పుట్టకుండా అడ్డుపడుతుంది. మూడు నెలల లోపు పిల్లలకు ఆ సైలేజీ వేయకండి.

ప్రశ్న: తవుడు, నూక బాగా పెడుతున్నాం. రెండు పొట్టేళ్లకు మూత్రం ఆగిపోయింది. మేతతో సంబంధం ఉందా? (సూర్యాపేట నుంచి)

జవాబు: ఉంది. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. మొక్కజొన్న సైలేజీలో కాల్షియం అర శాతం కూడా ఉండదు. రెండూ కలిస్తే మూత్రంలో రాళ్లు కడతాయి, మగవాటిలో అవి సన్నని నాళంలో ఇరుక్కుంటాయి. మేతలో భాస్వరం ఒక వంతైతే కాల్షియం రెండు వంతులుండాలి. పప్పుజాతి ఎండు పదార్థంలో కాల్షియం ఒక శాతం పైనే ఉంటుంది కాబట్టి, వేరుశనగ కట్టె 150 గ్రాములు వేసినా చాలా తేడా వస్తుంది. తవుడు తగ్గించండి, దాణాలో అర శాతం అమ్మోనియం క్లోరైడ్ కలపండి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. ఆగిపోయిన వాటిని వెంటనే వైద్యుడికి చూపించండి. పొట్టేలు అంగం చివర దారంలా ఉండే తోకలోనే చాలాసార్లు రాయి ఇరుక్కుంటుంది, వైద్యుడు దాన్ని కత్తిరిస్తే మూత్రం వచ్చేస్తుంది.

పశువుల ఖనిజ లవణ మిశ్రమం గొర్రెలకు పెట్టే అలవాటుంటే అదీ మానండి. అందులోని రాగి గొర్రె కాలేయంలో నెలల తరబడి పేరుకుని, ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: సైలేజీ తిన్న పొట్టేలుకు పొట్టే బరువు, మాంసం రాదని కోతవాళ్లు ధర తగ్గిస్తున్నారు. మాంసానికి వాసన కూడా వస్తుందంటున్నారు. నిజమేనా? (నెల్లూరు నుంచి)

జవాబు: మొదటి మాటలో కొంత నిజం ఉంది. 30 కిలోల పొట్టేలును కోస్తే 14 కిలోల మాంసం వచ్చిందనుకోండి, 46.7 శాతం. దాని పొట్టలో కిలోన్నర మేత తక్కువ ఉండుంటే తూకం 28.5 కిలోలు, అదే 14 కిలోల మాంసానికి 49 శాతం. మాంసం మారలేదు, పొట్టలోని తడి మేత తూకంలో కలిసింది. అమ్మకానికి ముందు 12 గంటలు మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టి తూకం వేయించండి, బేరంలో వాదన ఉండదు. చివరి మూడు వారాలు సైలేజీని సగానికి తగ్గించి, ఆ మేరకు దాణాను మెల్లగా పెంచితే పొట్ట తేలికపడుతుంది, వెన్ను మీద కండ నిండుతుంది.

దాణా మీదే పెరిగిన పొట్టేలుకు మూత్రపిండాల చుట్టూ, చర్మం కింద కొవ్వు ఎక్కువ చేరుతుంది. పచ్చిమేత, సైలేజీ మీద పెరిగినదాని మాంసం పలచని కొవ్వుతో ఉంటుంది. పప్పుజాతి మేత ఉన్నచోట ఆ కొవ్వులో ఒమేగా-3 కూడా కాస్త ఎక్కువ.

వాసన సంగతి. పప్పుజాతిలో త్వరగా విడిపోయే మాంసకృత్తుల వల్ల పొట్టలో స్కటోల్ అనే పదార్థం పుట్టి కొవ్వులో చేరుతుంది. పచ్చి క్లోవర్, లూసర్న్ మేసే న్యూజిలాండ్ గొర్రెల మాంసంలో ఈ వాసనను అక్కడివాళ్లు గుర్తించారు. మొక్కజొన్న మూడు వంతులు, అలసంద ఒక వంతు ఉన్న మేతలో దానికి భయపడనక్కర్లేదు. కుళ్లిన సైలేజీ పెట్టి ఉంటే మాత్రం కోతకు మూడు వారాల ముందే ఆపేసి, ఎండు కట్టె, దాణా మీద ఉంచండి.